చూసే పెట్టె బిగుసుకుపోతే తప్పు పిల్లవాడిది కాదు

పొలంలో మోటారు ఆగిపోతే రైతు దాన్ని తీసి అవతల పారేయడు. ముందు కరెంటు ఉందా అని చూస్తాడు. ఉంటే ఫ్యూజు చూస్తాడు. ఫ్యూజు బాగుంటే స్టార్టరు పెట్టె తెరుస్తాడు. మూడు ఫేజులూ వస్తున్నాయా, వోల్టేజి సరిపడా ఉందా అని కనుక్కుంటాడు. అన్నీ సరిగా ఉన్నాయని తేలాకే మోటారును పైకి లాగించి వైండింగు షాపుకు పంపుతాడు. ఈ వరస ఎవరూ పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. నాలుగు కార్లు నష్టపోయి నేర్చుకున్నది.

అదే ఇంట్లో పిల్లవాడు కట్టుకున్న కెమెరా పెట్టె నడుస్తూ నడుస్తూ ఆగిపోతే మాత్రం ఈ తెలివి ఎవరికీ గుర్తుకు రాదు. "నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అని తండ్రి కోప్పడతాడు. "ఇలాంటివి మనకెందుకు" అని తల్లి విసుక్కుంటుంది. బడిలో అయితే మాస్టారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. వేల రూపాయల వస్తువు అటక ఎక్కుతుంది. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. చెడగొట్టాడన్న మాట పడ్డ కుర్రవాడు మళ్లీ అలాంటి వస్తువు మీద చెయ్యి వేయడు.

నిజానికి ఇలా ఆగిపోయే పెట్టెల్లో చాలా వాటికి జబ్బు లోపల ఉండదు. వైరులోనో, చార్జరులోనో, కార్డులోనో ఉంటుంది. వెతికే పద్ధతి తెలిస్తే దాన్ని ఎనిమిదో తరగతి పిల్ల కూడా పట్టుకోగలదు.

ఏమిటీ పెట్టె?

అరచేతిలో ఇమిడే ఒక చిన్న కంప్యూటరు బోర్డు, దానికి రిబ్బను లాంటి పలుచని పట్టీతో తగిలించిన కెమెరా, ఒక మెమరీ కార్డు. ఇంతే సామాను. కెమెరా చూసినదాన్ని బోర్డు చదివి ఇది మనిషి ముఖం, ఇది పిల్లి, ఇది కుర్చీ అని గుర్తు పడుతుంది. దీన్నే కంప్యూటర్ విజన్ అంటున్నారు. తెలుగులో చెప్పాలంటే యంత్రానికి చూపు నేర్పడం.

ఇలాంటి బోర్డుల్లో పేరు పడ్డది రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొందరు, పిల్లలు భయం లేకుండా చెయ్యి పెట్టి నేర్చుకునే చవక కంప్యూటరు ఒకటి ఉండాలని దీన్ని తయారు చేశారు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. 2017 చివర గూగుల్ సంస్థ ఏఐవై విజన్ కిట్ అని ఒకటి తెచ్చింది. అందులో రాస్ప్‌బెర్రీ పై జీరో బోర్డు, దాని మీద చిత్రాలను గుర్తు పట్టే ప్రత్యేక చిప్పు ఉన్న మరో బోర్డు, కెమెరా కలిసి పని చేస్తాయి. పైపెట్టె అట్టతో చేసింది. పిల్లలే మడిచి కట్టుకోవాలి. ఎదురుగా ఉన్న మనిషి నవ్వితే పైన ఉన్న మీటలోని దీపం రంగు మారుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా గుర్తు పట్టే పని ఆ పెట్టెలోనే జరిగిపోతుంది.

మన ఊళ్లకూ ఈ సామాను కొత్త కాదు. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టారు. ఒక్కో బడికి ఇరవై లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇచ్చే పథకం అది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఈ ల్యాబులు ఉన్నాయి. కాబట్టి ఆగిపోయిన పెట్టెను బాగు చేసుకోవడం పట్నం వాళ్ల పని అనుకోవడానికి వీల్లేదు.

"ఎప్పుడు పడితే అప్పుడు" అనే మాట

ఈ పెట్టెతో వచ్చే పెద్ద చిక్కు హ్యాంగు. బొమ్మ ఉన్నచోటే నిలిచిపోతుంది. మీట నొక్కినా పలకదు. తీసి మళ్లీ పెడితే పని చేస్తుంది. గంట సేపు బాగుండి మళ్లీ బిగుసుకుంటుంది. "ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతోంది" అంటారు పిల్లలు. ఆ మాట దగ్గరే వెతకడం మానేస్తారు.

కారణం లేకుండా ఏ యంత్రమూ ఆగదు. కారణం మనకు కనిపించకపోతే వేళాపాళా లేదనిపిస్తుంది, అంతే. అందుకు 2015 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతి చెప్పుకోవచ్చు.

అప్పుడే రాస్ప్‌బెర్రీ పై 2 అనే కొత్త బోర్డు బజారులోకి వచ్చింది. ఒక వాడకందారు నడుస్తున్న తన బోర్డును కెమెరాతో ఫొటో తీశాడు. ఫొటో తీయగానే బోర్డు ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఫొటో తీశాడు. మళ్లీ ఆగిపోయింది. ఏదో పొరపాటు అని వదిలేయకుండా అతడు ఆ మాట పదిమందికీ చెప్పాడు. వాళ్లూ చేసి చూశారు. మామూలు వెలుగుకు ఏమీ కావడం లేదు. ఫొటోగ్రాఫర్లు వాడే జెనాన్ ఫ్లాషు పడితే ఆగుతోంది. బోర్డు మీద కరెంటును సర్దే చిప్పు ఒకటి పైకప్పు లేకుండా బయటికి ఉంది. ఫ్లాషు వెలుగు దాని మీద పడినప్పుడు అది తికమక పడుతోందని తేలింది. వెలుగు పోనివ్వని మెత్తటి పుట్టీ ముద్ద ఆ చిప్పు మీద అంటిస్తే బోర్డు ఆగడం మానేసింది. రూపాయి ఖర్చు లేని వైద్యం.

ఆ మనిషి చేసిన గొప్ప పని ఏమిటి? ఆగిన క్షణంలో ఇంకేం జరిగిందో గమనించాడు. అదే పని మళ్లీ చేసి చూశాడు. మన పిల్లలు నేర్చుకోవలసింది ఆ రెండే.

ముందు నోటుపుస్తకం

అందువల్ల స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి ముందు పెన్ను పట్టుకోవాలి. ఒక పాత నోటుపుస్తకంలో గీతలు గీసి పెట్టె ఆగిన ప్రతిసారీ ఈ నాలుగు సంగతులు రాయాలి. పెట్టినది ఎన్ని గంటలకు, ఆగినది ఎన్ని గంటలకు. ఆ సమయంలో పెట్టె ఏం చేస్తోంది. ఏ చార్జరు, ఏ వైరు వాడుతున్నారు. ఇంట్లో కరెంటు ఎలా ఉంది, గది ఎంత ఉడుకుగా ఉంది.

ఇంకో సంగతి కూడా చూడాలి. ఆగింది పెట్టెనా, లేక బొమ్మ చూపే ఫోనా? కొందరు పిల్లలు కెమెరా బొమ్మను వైఫై మీద ఫోనులో చూస్తుంటారు. వైఫై తెగితే బొమ్మ నిలిచిపోతుంది గాని పెట్టె బాగానే ఉంటుంది. బోర్డు మీద ఉండే చిన్న ఆకుపచ్చ దీపం కార్డుతో పని ఉన్నప్పుడు మిణుకుమిణుకుమంటుంది. అది మిణుకుతూనే ఉంటే ప్రాణం ఉన్నట్టే.

నాలుగైదు సార్లు రాశాక పుస్తకమే మాట్లాడటం మొదలు పెడుతుంది. ప్రతిసారీ ఇంచుమించు ఒకే వ్యవధికి ఆగుతుంటే ఒక దోషం. మనిషి ముఖం ఎదురుగా రాగానే ఆగుతుంటే ఇంకొక దోషం. మధ్యాహ్నమే ఆగి రాత్రి బాగుంటే వేరొకటి. పెట్టె కదిలించినప్పుడే ఆగితే మరొకటి.

మొదటి అనుమానం కరెంటు మీద

పల్లెల్లో లో వోల్టేజి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. స్తంభం దగ్గర నిండుగా ఉన్న కరెంటు సన్నని వైరు మీద దూరం పోయేసరికి చిక్కిపోతుంది. కాలువ తూము దగ్గర నీరు పారుతున్నా శివారు చేలకు అందనట్టే. ఈ పెట్టెకూ అదే జరుగుతుంది. దీనికి కావలసింది 5 వోల్టులు. చార్జరు 5 వోల్టులు ఇస్తూనే ఉండవచ్చు. వైరు సన్నదై, పొడవుదై, రానుపోను కలిసి అర ఓము అడ్డు ఉంటే, ఒక ఆంపియరు లాగినప్పుడు అర వోల్టు దారిలోనే పోతుంది. పెట్టెకు చేరేది నాలుగున్నర.

ఊరికే ఉన్నప్పుడు పెట్టె లాగేది తక్కువ. అప్పుడు ఏమీ కాదు. కెమెరా తెరుచుకుని, ముఖాలు వెతకడం మొదలు పెట్టగానే లాకుడు పెరుగుతుంది. మోటారు వేసిన క్షణంలో ఇంట్లో బల్బు గుడ్డిదైనట్టు ఇక్కడ వోల్టేజి కుంగుతుంది. బోర్డు లెక్క తప్పి బిగుసుకుపోతుంది. మనిషి రాగానే ఆగుతోందని పిల్లలు బెంబేలెత్తేది ఇందుకే.

"అదే చార్జరుతో నా ఫోను బాగానే ఎక్కుతోంది కదా" అనే ప్రశ్న వస్తుంది. ఫోనులో బ్యాటరీ ఉంది. మిద్దె మీద ట్యాంకు ఉన్న ఇంటికి కుళాయి కాసేపు సన్నబడినా తెలియదు. ఈ పెట్టెకు ట్యాంకు లేదు. కుళాయి సన్నబడిన క్షణమే దాహం వేస్తుంది.

2014 తరువాత వచ్చిన రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో చాలా వాటికి వోల్టేజి తగ్గితే కనిపెట్టే ఏర్పాటు ఉంది. 4.63 వోల్టులకు దిగువకు పోతే తెర మీద మెరుపు గుర్తు పడుతుంది. ఆ గుర్తు కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు. అయితే జీరో రకం బోర్డులకు ఈ ఏర్పాటు లేదు. విజన్ కిట్టులో ఉన్నది ఆ రకమే. గుర్తు కనపడలేదు కాబట్టి కరెంటు బాగుందని దాని విషయంలో అనుకోకూడదు.

పరీక్ష సులభం. 5 వోల్టులు, 2 ఆంపియర్లు లేక అంతకు మించి అని రాసి ఉన్న మంచి చార్జరు ఒకటి, పొట్టిగా మందంగా ఉన్న వైరు ఒకటి ఎవరినైనా అడిగి తెచ్చి పెట్టి చూడాలి. నిండా ఎక్కించిన పవర్ బ్యాంకు మీద నడిపి చూసినా సరే. ఆగడం మానేస్తే దొంగ దొరికినట్టే. వైరు మార్చుకుంటే పని తీరిపోతుంది. కంప్యూటరుకు గుచ్చి నడపడం మంచిది కాదు, అక్కడ వచ్చే కరెంటు చాలకపోవచ్చు. చార్జరు విప్పి చూసే పని మాత్రం పిల్లలు పెట్టుకోకూడదు. లోపల ఉన్నది ఇంటి కరెంటు.

వేడి

మూసిన అట్టపెట్టెలో చిప్పు గంటలకొద్దీ పని చేస్తే గాలి ఆడదు. మన వేసవి సంగతి వేరే చెప్పాలా? చిప్పు వేడి 80 డిగ్రీలు దాటేసరికి రాస్ప్‌బెర్రీ పై 3, 4 బోర్డులు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఎద్దు అలిసి నడక తగ్గించినట్టు. అప్పుడు బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. నెమ్మదించడం వేరు, బిగుసుకోవడం వేరు. ఈ తేడా పుస్తకంలో రాసుకోవాలి.

పరీక్షకు మూత తీసి, టేబుల్ ఫ్యాను పెట్టి, అంతే సేపు నడిపి చూడాలి. తేడా కనిపిస్తే పెట్టెకు గాలి రంధ్రాలు చేసి, చిప్పు మీద చిన్న అల్యూమినియం రెక్కల బిళ్ల అంటిస్తే చాలు. తడిగుడ్డ వేయడం వంటి పనులు చేస్తే బోర్డు శాశ్వతంగా పోతుంది.

మెమరీ కార్డు

పెట్టెకు కావలసిన ప్రోగ్రాములన్నీ వేలి గోరంత కార్డు మీద ఉంటాయి. పెట్టె నడుస్తున్నంత సేపూ దాని మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అలాంటి వేళ కరెంటు పోతే పద్దు సగం రాసి కలం వదిలేసినట్టవుతుంది. మర్నాడు ఆ పేజీ చదవబోయి పెట్టె తికమక పడుతుంది. కరెంటు కోతలున్న ఊళ్లో ఇది తరచు జరిగేదే. పిల్లలు పని అయిపోగానే వైరు లాగేయడం వల్ల కూడా జరుగుతుంది. ముందు పెట్టెను ఆపమని ఆజ్ఞ ఇచ్చి, ఆకుపచ్చ దీపం ఆరాక వైరు తీయడం అలవాటు చేయాలి. కార్డు నిండిపోయినా ఇదే రకం చిక్కులు వస్తాయి.

పరీక్ష ఏమిటంటే, ఇంకొక మంచి కార్డు మీద అదే ప్రోగ్రామును కొత్తగా ఎక్కించి నడపాలి. కొత్త కార్డుతో ఆగకపోతే తప్పు పాతదానిది. పిల్లలు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములకు వేరే చోట నకలు ఉంచుకోవాలి. నెలల శ్రమ ఒక్క కరెంటు కోతకు పోకూడదు.

రిబ్బను పట్టీ

కెమెరాను బోర్డుకు కలిపే పట్టీ పలుచనిది. రెండు చివర్లా చిన్న గొళ్లేలు ఉంటాయి. గొళ్లెం సరిగా పడకపోయినా, పట్టీ కాస్త వంకరగా దూరినా కొంతసేపు పని చేసి, పెట్టె కదలగానే తెగుతుంది. బొమ్మలో చారలు రావడం, కెమెరా దొరకలేదని తెర మీద రాయడం దీని గుర్తులు. వైరు తీసేసి, గొళ్లేలు విప్పి, పట్టీని నిటారుగా దూర్చి మళ్లీ బిగించాలి. కరెంటు ఉండగా దీన్ని ముట్టుకోకూడదు.

నిండిన గోతాము

కరెంటు, వేడి, కార్డు, పట్టీ నాలుగూ బాగున్నాయని తేలితే అప్పుడు పిల్లవాడు రాసిన ప్రోగ్రాము వైపు చూడాలి. ఒక చిన్న లెక్క చూడండి. 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు ఉన్న రంగుల బొమ్మ ఒకటి జ్ఞాపకంలో పట్టే చోటు 9,21,600 బైట్లు. సెకనుకు 30 బొమ్మలు వస్తే రెండు కోట్ల డెబ్బయి ఆరు లక్షల బైట్లు. జీరో బోర్డులో ఉన్న మొత్తం జ్ఞాపకం 512 మెగాబైట్లు, అంటే సుమారు యాభై మూడున్నర కోట్ల బైట్లు. చూసిన బొమ్మను పారేయకుండా దాచుకుంటూ పోతే ఇరవై సెకన్లు తిరగకముందే గోతాము నిండిపోతుంది. పది బొమ్మలకు ఒకటి దాచినా నాలుగు నిమిషాలు పట్టదు. ఇక పెట్టెకు ఊపిరి ఆడదు.

పుస్తకంలో ప్రతిసారీ ఒకే వ్యవధి కనిపిస్తే అనుమానం ఇక్కడికి రావాలి. వాడిన బొమ్మను వాడినట్టే వదిలేయమని ప్రోగ్రాములో రాయాలి. బొమ్మ కొలత తగ్గించాలి. సెకనుకు ముప్పై బొమ్మలు అక్కర్లేదు. మనిషి వచ్చాడో లేదో చెప్పడానికి ఐదు చాలు.

ఒకసారి ఒకే మార్పు

వెతికేటప్పుడు ఎక్కువ మంది చేసే పొరపాటు ఒకటుంది. చార్జరు, కార్డు, పట్టీ అన్నీ ఒకేసారి మార్చేస్తారు. పెట్టె బాగవుతుంది. ఏది మార్చినందువల్ల బాగయిందో తెలియదు. చేనుకు ఒకే రోజున మూడు మందులు కొట్టిన రైతుకు ఏ మందు పని చేసిందో తెలియనట్టే. మళ్లీ తెగులు వస్తే మళ్లీ మూడూ కొనాలి. అందుకే ఒకటి మార్చి, ఒక రోజు నడిపి, రాసుకుని, ఆ తరువాతే రెండోది మార్చాలి.

ఈ బోర్డుల్లో కాపలా గడియారం ఒకటి ఉంది. పెట్టె బతికే ఉన్నానని కొన్ని సెకన్లకు ఒకసారి దానికి చెప్పాలి. చెప్పకపోతే అదే పెట్టెను ఆపి మళ్లీ లేపుతుంది. మనిషి లేనిచోట కాపలా పెట్టిన కెమెరాకు ఇది పనికి వస్తుంది. కాని ఇది పుండు మీద కట్టు కట్టడం లాంటిది. జబ్బు తెలుసుకోకుండా కట్టు కడితే లోపల ముదురుతుంది. ముందు కారణం పట్టుకుని, ఆ తరువాతే దీన్ని పెట్టుకోవాలి.

బడిలో ఏం ఉంచుకోవాలి?

ఇలాంటి కిట్లు ఉన్న ప్రతి బడీ వాటి పక్కన నాలుగు వస్తువులు ఉంచుకుంటే చాలు. ఒక మంచి చార్జరు, ఒక పొట్టి మందపాటి వైరు, ప్రోగ్రాము ఎక్కించిన అదనపు కార్డు ఒకటి, ఒక నోటుపుస్తకం. మొదటి మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు కొత్త కిట్టు వెలలో కొంత భాగమే. నాలుగో దానికి పది పదిహేను రూపాయలు.

వోల్టేజి విషయంలో ఊళ్లోని మోటారు మెకానిక్కును పిలవడానికి మాస్టార్లు మొహమాటపడనక్కర్లేదు. అతనికి ఈ బోర్డు పేరు తెలియకపోవచ్చు గాని, చివరికి చేరేసరికి కరెంటు ఎందుకు తగ్గుతుందో బాగా తెలుసు. మల్టీమీటరు పట్టడం పిల్లలు అతని దగ్గరే నేర్చుకోవచ్చు.

బీరువాలో తాళం పడి ఉన్న పెట్టెల్లో ఎన్నో ఒక్క వైరు మారిస్తే నడిచేవే కావచ్చు. వాటిని బయటికి తీయించే పని బడి కమిటీలో ఉన్న తల్లిదండ్రులదీ. తీశాక పిల్లలను అడగవలసిన ప్రశ్న "ఎవరు పాడు చేశారు" అని కాదు. "ఎప్పుడు ఆగింది, అప్పుడు ఏం జరుగుతోంది, రాశారా?" అని.